కాంతి వేగం, నేలలో తేమ: పశ్చిమ ప్రకాశం మెట్ట సేద్యంలో ఒక నానోసెకను విలువ

ఉపోద్ఘాతం

కంభం చెరువు అంచున నిలిచి తేటనీటి అడుగును చూసేవారికి ఆ అడుగు ఉన్నదానికన్న దగ్గరగా కనిపిస్తుంది. నిట్టనిలువుగా చూసినప్పుడు 4 అడుగుల లోతు 3 అడుగులుగా తోస్తుంది. ఈ భ్రమ కంటి లోపం వల్ల కలిగేది కాదు. నీటిలో నెమ్మదిగా సాగిన కాంతి గాలిలోకి రాగానే వేగం పుంజుకొని దిశ మార్చుకోవడమే ఇందుకు కారణం. గాలిలో కాంతి వేగానికి, నీటిలో కాంతి వేగానికి మధ్య నిష్పత్తి కూడా సరిగా 4:3 కావడం గమనార్హం. విజయనగర కాలంలో గుండ్లకమ్మపై నిర్మించిన ఈ చెరువును 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల సంఘం ప్రపంచ వారసత్వ సాగునీటి నిర్మాణంగా గుర్తించింది.

చెరువులో నీరు కంటికి కనిపిస్తుంది. నేలలో నీరు కనిపించదు. మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం ప్రాంతాలలో పంట బ్రతుకు చాలావరకు ఈ కనిపించని నీటిపైనే ఆధారపడి ఉంది. వర్షం నమ్మకం లేనిది. బోరు ఎంత లోతుకు వేసినా నీరు పడుతుందన్న హామీ లేదు. శ్రీశైలం జలాశయం నుండి నల్లమల కొండల గుండా సొరంగాల ద్వారా 43.5 టి.ఎం.సి. నీటిని మళ్ళించి 4.47 లక్షల ఎకరాలకు అందించాలన్నది పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు లక్ష్యం. అయితే కాలువ వచ్చినా, బోరే దిక్కయినా, తడి ఎప్పుడు పెట్టాలి, ఎంత పెట్టాలి అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. పైమట్టి పొడిబారి కనిపించినంత మాత్రాన వేరు మండలంలో తేమ లేదని చెప్పలేము. పైన తడిసినంత మాత్రాన వేళ్ళకు నీరు అందినట్లూ కాదు.

చెరువు అడుగును పైకి చూపించిన భౌతిక సూత్రమే నేలలోని తేమను లెక్కించడానికి కూడా ఆధారం. తేమ కొలిచే విద్యుదయస్కాంత పరికరాలు నిజానికి నీటిని కొలవవు. అవి కాంతి జాతికే చెందిన తరంగాల ప్రయాణ కాలాన్నో, దానితో ముడిపడిన విద్యుత్ గుణాన్నో కొలుస్తాయి. ఆ కొలతను నీటి పరిమాణంగా మార్చేది ఒక లెక్క. ఆ లెక్క నేలను బట్టి మారుతుంది. విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు ఈ తేడాను గ్రహించినప్పుడే పరికరం చూపే అంకె రైతుకు సరైన సలహాగా మారుతుంది.

పదార్థాలలో కాంతి వేగం

శూన్యంలో కాంతి సెకనుకు 29,97,92,458 మీటర్లు, అంటే సుమారు 3 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. గాలిలోనూ దాదాపు ఇదే వేగం. నీటిలో ఇది సుమారు 2.25 లక్షల కిలోమీటర్లకు, సాధారణ గాజులో 2 లక్షలకు, వజ్రంలో 1.24 లక్షలకు తగ్గుతుంది. శూన్యంలోని వేగాన్ని పదార్థంలోని వేగంతో భాగించగా వచ్చే సంఖ్యను వక్రీభవన గుణకం అంటారు. నీటికి ఇది 1.33, గాజుకు సుమారు 1.5, వజ్రానికి 2.42.

నీటిలో కాంతి వేగం పెరుగుతుందా, తగ్గుతుందా అన్న విషయమై చాలాకాలం వివాదం నడిచింది. కాంతిని కణ ప్రవాహంగా భావించిన న్యూటన్ సిద్ధాంతం ప్రకారం నీటిలో వేగం పెరగాలి. తరంగ సిద్ధాంతం ప్రకారం తగ్గాలి. 1850లో ఫ్రాన్సు దేశంలో ఫూకో, ఫిజో వేర్వేరుగా జరిపిన ప్రయోగాలు నీటిలో వేగం తగ్గుతుందని నిరూపించాయి.

వేగం తగ్గడానికి కారణం కాంతి దారిలో అణువులకు తగిలి ఆగి ఆగి పోవడం కాదు. కాంతి ఒక విద్యుదయస్కాంత తరంగం. అది పదార్థంలోకి ప్రవేశించగానే అందులోని విద్యుదావేశాలు తరంగానికి అనుగుణంగా ఊగుతాయి. ఊగే ఆవేశాలు తామూ తరంగాలను వెలువరిస్తాయి. మూల తరంగం, ఈ కొత్త తరంగాలు కలిసి ఏర్పడే ఫలిత తరంగం వెనుకబడి నడుస్తుంది. దాని పౌనఃపున్యం మారదు, తరంగ దైర్ఘ్యం మాత్రం కుదించుకుపోతుంది. ఆవేశాలు ఎంత సులభంగా కదిలితే తరంగం అంత నెమ్మదిస్తుంది.

వ్యవసాయ విద్యార్థులకు ఈ సూత్రం కొత్తది కాదు. బత్తాయి రసంలో చక్కెర శాతాన్ని చూసే రిఫ్రాక్టోమీటరు చేసే పని ఇదే. 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద స్వచ్ఛమైన నీటి వక్రీభవన గుణకం 1.333 కాగా, 10 శాతం చక్కెర ద్రావణానికి 1.348, 20 శాతం ద్రావణానికి 1.364. తీపి పెరిగిన కొద్దీ రసంలో కాంతి నెమ్మదిస్తుంది. బ్రిక్స్ అంకె కాంతి వేగంలోని ఈ స్వల్ప భేదానికి పెట్టిన మరొక పేరు మాత్రమే.

నీటికి రెండు వేగాలు

కాంతి నేలలోకి చొరబడదు. రేడియో తరంగాలు కూడా కాంతి జాతికే చెందినవి. శూన్యంలో వాటి వేగమూ అదే. కానీ అవి కాంతి పోలేని చోటికి పోగలవు. మార్కాపురం పలకను కంటికి అడ్డుపెట్టుకుంటే వెలుగు కనిపించదు, అయినా పొడిగా ఉన్న ఆ పలకరాయి గుండా రేడియో తరంగం సాగిపోగలదు. మట్టి విషయంలోనూ ఇంతే.

రేడియో తరంగాల వేగం పదార్థపు రోధక స్థిరాంకం, అంటే డైఎలక్ట్రిక్ స్థిరాంకంపై ఆధారపడి ఉంటుంది. అయస్కాంత గుణం లేని, విద్యుత్ వాహకత స్వల్పంగా ఉన్న పదార్థాలలో ఈ స్థిరాంకపు వర్గమూలమే ఆ తరంగానికి వక్రీభవన గుణకం. గాలికి ఈ స్థిరాంకం 1. పొడి మట్టిలోని ఖనిజ రేణువులకు సుమారు 4. నీటికి 20 డిగ్రీల వద్ద సుమారు 80. వర్గమూలాలు తీసుకుంటే గాలికి 1, ఖనిజ రేణువులకు 2, నీటికి దాదాపు 9 వస్తాయి. అంటే నీటిలో రేడియో తరంగం గాలిలో కంటే 9 రెట్లు నెమ్మదిగా నడుస్తుంది.

కంటికి కనిపించే కాంతికి 1.33గా ఉన్న నీటి గుణకం రేడియో తరంగానికి 9 ఎలా అయింది? సమాధానం నీటి అణువు నిర్మాణంలో ఉంది. అణువులో ఆక్సిజన్ వైపు రుణావేశం, హైడ్రోజన్ వైపు ధనావేశం కొంత ఎక్కువ. అందువల్ల విద్యుత్ క్షేత్రం ఎటు తిరిగితే అణువు అటు మొగ్గుతుంది. సెకనుకు 100 కోట్ల సార్లు దిశ మారే రేడియో తరంగాన్ని అణువు అనుసరించగలదు. ఆ మొత్తం కదలిక తరంగాన్ని బాగా నెమ్మదింపజేస్తుంది. కంటికి కనిపించే కాంతి సెకనుకు సుమారు 500 లక్షల కోట్ల సార్లు దిశ మారుతుంది. అంత త్వరగా అణువు తిరగలేదు. అందులోని ఎలక్ట్రాన్లు మాత్రమే స్పందిస్తాయి. మంచుగడ్డలో అణువులు బిగిసి ఉండి స్వేచ్ఛగా తిరగలేవు కాబట్టి దాని స్థిరాంకం సుమారు 3.2 మాత్రమే. స్వేచ్ఛగా తిరగగల నీరే తరంగాన్ని ఆలస్యం చేస్తుందన్న ఈ అంశం బంకమట్టి విషయంలో మళ్ళీ ముందుకు వస్తుంది.

కాలాన్ని కొలిచి తేమను తెలుసుకోవడం

భూగర్భ కేబుళ్ళలో లోపం ఎక్కడుందో కనుగొనడానికి వాటిలోకి విద్యుత్ స్పందనను పంపి, అది తిరిగి వచ్చే కాలాన్ని కొలిచే పద్ధతి ఒకటి ఉంది. దీనిని టైమ్ డొమైన్ రిఫ్లెక్టోమెట్రీ, క్లుప్తంగా టి.డి.ఆర్. అంటారు. కెనడా శాస్త్రవేత్తలు టాప్, డేవిస్, అన్నన్ ఈ పద్ధతిని మట్టికి అన్వయించి, రోధక స్థిరాంకానికి, తేమకు గల సంబంధాన్ని 1980లో ఒక సమీకరణంగా ప్రకటించారు. నేటికీ అనేక పరికరాలలో అంతర్గతంగా ఉండేది ఆ సమీకరణమే.

15 సెంటీమీటర్ల పొడవు గల లోహపు కడ్డీలను మట్టిలో గుచ్చినప్పుడు స్పందన కడ్డీ కొసకు పోయి తిరిగి రావడానికి 30 సెంటీమీటర్లు ప్రయాణించాలి. గాలిలో దీనికి 1 నానోసెకను, అంటే సెకనులో వంద కోట్లవ వంతు పడుతుంది. ప్రయాణ కాలం 2 నానోసెకన్లయితే టాప్ సమీకరణం ప్రకారం ఘనపరిమాణ తేమ సుమారు 5.5 శాతం. 3 నానోసెకన్లయితే 17 శాతం, 4 అయితే 29 శాతం, 5 అయితే 40 శాతం.

ఈ అంకెలు ఎలా వస్తాయో విద్యార్థులు ఒక సులభమైన లెక్కతో స్థూలంగా సరిచూసుకోవచ్చు. మట్టిలో 55 శాతం ఖనిజ రేణువులు, 45 శాతం రంధ్రాలు ఉన్నాయనుకుందాం. స్పందన తన దారిలో కొంత రేణువులలో, కొంత నీటిలో, కొంత గాలిలో గడుపుతుంది. మొత్తం కాలం ఈ మూడింటి కూడిక. రేణువుల వాటా 0.55ను 2తో హెచ్చవేస్తే 1.10. తేమ 17 శాతమైతే నీటి వాటా 0.17ను 9తో హెచ్చవేస్తే 1.53. మిగిలిన గాలి వాటా 0.28. మొత్తం 2.91 నానోసెకన్లు. సమీకరణం చెప్పిన 3కు ఇది చాలా దగ్గర. గాలి స్థానంలోకి నీరు వచ్చిన ప్రతిసారీ గుణకం 1 నుండి 9కి మారుతుంది కనుక, తేమ సుమారు 12 శాతం పెరిగితే కాలం 1 నానోసెకను పెరుగుతుంది.

ఒక నానోసెకనులో ఎకరం పంట

క్షేత్ర సామర్థ్యం 20 శాతం, శాశ్వతంగా వాడిపోయే స్థాయి 8 శాతంగా తేలిన ఒక ఎర్ర నేలను ఉదాహరణగా తీసుకుందాం. మొక్కకు అందే నీరు ఈ రెండింటి మధ్య గల 12 శాతం. పై లెక్క ప్రకారం 8 శాతం వద్ద స్పందన కాలం సుమారు 2.2 నానోసెకన్లు, 20 శాతం వద్ద సుమారు 3.15. అంటే ఆ నేలలో పంట వాడిపోవడానికి, పుష్కలంగా తేమ ఉండడానికి మధ్య గల అంతరమంతా దాదాపు ఒక నానోసెకనులో ఇమిడి ఉంది.

ఆ నానోసెకనును నీటిగా లెక్కిస్తే దాని విలువ తెలుస్తుంది. 30 సెంటీమీటర్ల వేరు మండలంలో 12 శాతం అంటే 36 మిల్లీమీటర్ల నీరు. ఎకరానికి 1 మిల్లీమీటరు సుమారు 4,047 లీటర్లు. కాబట్టి 36 మిల్లీమీటర్లు దాదాపు 1.45 లక్షల లీటర్లు. గంటకు 5,000 లీటర్లు ఇచ్చే బోరు ఈ నీటిని తోడడానికి 29 గంటలు నడవాలి. బిందు సేద్యంలో పొలంలో 40 శాతం విస్తీర్ణమే తడుస్తుందనుకుంటే అవసరం సుమారు 58,000 లీటర్లకు, బోరు నడిచే కాలం సుమారు 12 గంటలకు తగ్గుతుంది.

అందే నీటిలో సగం ఖర్చయినప్పుడు తడి ఇవ్వాలని నిర్ణయిస్తే ఈ నేలలో ఆ స్థాయి 14 శాతం. అదే క్షేత్ర సామర్థ్యం 40 శాతం, వాడిపోయే స్థాయి 24 శాతంగా గల నల్లరేగడిలో తడి ఇవ్వవలసిన స్థాయి 32 శాతం. అక్కడ 24 శాతం వద్దనే పంట వాడిపోతుంది. ఎర్ర నేలలో 24 శాతం అంటే మురుగుకు పోయే అదనపు నీరు. ఒకే అంకె ఒక పొలంలో కరవును, పక్క పొలంలో వృథాను సూచిస్తుంది. నేల రకం తెలియకుండా తేమ శాతాన్ని మాత్రమే రైతుకు చెప్పడం వల్ల ప్రయోజనం లేదు.

కొలత తప్పే సందర్భాలు

గులకరాళ్ళు: కొండవాలు ఎర్ర నేలల్లో రాళ్ళు ఎక్కువ. రాయిలో నీరు నిలవదు. రాళ్ళ వాటా ఘనపరిమాణంలో 30 శాతమైతే, సన్నమట్టిలో 20 శాతం తేమ ఉన్నా మొత్తం నేలలో ఉన్నది 14 శాతమే. కడ్డీ గుచ్చేవారు సహజంగానే రాళ్ళు లేని చోటును ఎంచుకుంటారు కనుక పరికరం సన్నమట్టి తేమనే చూపుతుంది. దానిని రాళ్ళ వాటా మేరకు తగ్గించి లెక్కించాలి.

కడ్డీ చుట్టూ ఖాళీలు: రాయి తగిలి కడ్డీ కదిలినా, నల్లరేగడి ఎండి పగిలినా కడ్డీకి, మట్టికి మధ్య గాలి చేరుతుంది. స్పందన ఆ గాలిలో వేగంగా నడిచి తేమను తక్కువగా చూపుతుంది. అదే పగులులోకి తడి నీరు చేరితే తేమను ఎక్కువగా చూపుతుంది. రెండు సందర్భాలలోనూ పరికరం చెడిపోలేదు. అది తన చుట్టూ ఉన్నదాన్నే చెబుతోంది.

బంకమట్టి: బంక రేణువుల ఉపరితలానికి గట్టిగా అంటుకొని ఉన్న నీటి అణువులు మంచులోని అణువుల వలె స్వేచ్ఛగా తిరగలేవు. అందువల్ల అవి స్పందనను అంతగా ఆలస్యం చేయవు. బంక ఎక్కువగల నేలలు ఆరినప్పుడు సాధారణ సమీకరణం తేమను తక్కువగా అంచనా వేయడానికి ఇది ఒక కారణం.

లవణాలు: ఉప్పు నీటితో సాగుచేసే పొలాల్లో మట్టి విద్యుత్ వాహకత పెరుగుతుంది. టి.డి.ఆర్.లో తిరుగు స్పందన బలహీనపడి గుర్తించడం కష్టమవుతుంది. తక్కువ పౌనఃపున్యంతో పనిచేసే చౌకైన కెపాసిటెన్సు పరికరాలలో ఈ ప్రభావం మరింత ఎక్కువ. అవి చాలాసార్లు ఉప్పును నీరుగా లెక్కిస్తాయి. తేమ తగినంత ఉందని పరికరం చూపుతుండగా మొక్క వాడిపోతుంటే ముందుగా అనుమానించవలసింది దీనినే.

ఉష్ణోగ్రత: నీటి రోధక స్థిరాంకం 20 డిగ్రీల వద్ద 80 ఉండగా, 40 డిగ్రీల వద్ద సుమారు 73కు పడిపోతుంది. వేసవి పగలు పైమట్టి బాగా వేడెక్కినప్పుడు అదే తేమకు వేరే అంకె రావచ్చు. కొలతలను ప్రతిరోజూ ఒకే వేళలో, వీలైతే ఉదయంపూట తీసుకోవడం మేలు.

క్రమాంకనం

పై లోపాలకు విరుగుడు ఖరీదైన పరికరం కాదు. స్థానిక నేలతో చేసే క్రమాంకనం. ఇందుకు కావలసినవి తెలిసిన ఘనపరిమాణం గల లోహపు వలయం, త్రాసు, ఓవెన్. పరికరంతో కొలిచిన వెంటనే ఆ పక్కనే వలయంతో మట్టి నమూనా తీసి తూచాలి. 105 డిగ్రీల వద్ద 24 గంటలు ఆరబెట్టి మళ్ళీ తూచాలి.

ఉదాహరణకు 100 ఘనపు సెంటీమీటర్ల వలయంలోని మట్టి తడిగా 168 గ్రాములు, ఆరిన తరువాత 150 గ్రాములు తూగితే పోయిన నీరు 18 గ్రాములు. ఘనపరిమాణ తేమ 18 శాతం. బరువు ప్రాతిపదికన ఇది 12 శాతం మాత్రమే. ఈ రెండింటినీ కలగాపులగం చేయడం విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు. బరువు శాతాన్ని స్థూల సాంద్రతతో, ఇక్కడ 1.5తో, హెచ్చవేసిన తరువాతనే పరికరపు అంకెతో పోల్చాలి.

అదే చోట పరికరం 15 శాతం చూపిందనుకుందాం. 3 శాతం తేడా చిన్నదిగా తోస్తుంది. కానీ 30 సెంటీమీటర్ల లోతుకు అది 9 మిల్లీమీటర్లు, ఎకరానికి సుమారు 36,000 లీటర్లు, పై బోరుకు 7 గంటలకు పైబడిన పని. పైన చెప్పిన ఎర్ర నేలలో మొక్కకు అందే మొత్తం నీటిలో అది నాలుగో వంతు. తడి ఇచ్చిన మరుసటి రోజు మొదలుకొని నేల బాగా ఆరేవరకు కనీసం నాలుగైదు తేమ స్థాయిల వద్ద ఇటువంటి జంట కొలతలు తీసి గీత గీస్తే, ఆ నేలకు సరిపడే సవరణ లభిస్తుంది. ఎర్ర నేలకు, నల్లరేగడికి వేర్వేరు గీతలు అవసరం. ఒకసారి సిద్ధమైన గీత అదే రకం నేలగల పొలాలన్నింటికీ ఉపకరిస్తుంది. రైతు స్వయంగా చేయలేని, పరిశోధన కేంద్రం సులభంగా చేయగల పని ఇది.

ఆకాశం నుండి అదే సూత్రం

రెండు మాధ్యమాలలో తరంగ వేగాల మధ్య తేడా పెరిగిన కొద్దీ వాటి సరిహద్దు వద్ద తిరుగుముఖం పట్టే భాగం పెరుగుతుంది. గుణకం 2 గల పొడి నేల నునుపుగా ఉంటే నిలువుగా పడిన రేడియో శక్తిలో సుమారు 11 శాతాన్ని పరావర్తనం చేస్తుంది. గుణకం 5 గల తడి నేల సుమారు 44 శాతాన్ని పరావర్తనం చేస్తుంది. ఉపగ్రహాలు నేల తేమను అంచనా వేయడానికి ఆధారం ఈ భేదమే. 2015 జనవరిలో అమెరికా ప్రయోగించిన స్మాప్ ఉపగ్రహం నేల సహజంగా వెలువరించే 1.4 గిగాహెర్ట్జ్ తరంగాలను గ్రహిస్తుంది. 2025 జూలై 30న శ్రీహరికోట నుండి ప్రయోగించిన భారత, అమెరికా ఉమ్మడి ఉపగ్రహం నైసార్ ఎల్, ఎస్ బ్యాండ్ రాడార్లతో 12 రోజులకొకసారి అదే కక్ష్యా మార్గానికి తిరిగి వస్తుంది.

అయితే ఉపగ్రహం చూసేది పై కొద్ది సెంటీమీటర్ల మట్టినే. కంది వేళ్ళు పోయే లోతు దానికి అందదు. ఎగుడుదిగుడు నేల, పైరు ఆకులలోని నీరు, రాళ్ళు దాని అంచనాను ప్రభావితం చేస్తాయి. ఉపగ్రహపు అంచనాను సరిచూడడానికి కూడా చివరకు పొలంలో వలయంతో తీసిన మట్టే కావాలి.

ముగింపు

కాంతి నీటిలో నెమ్మదిస్తుందన్న పాఠ్యపుస్తక సత్యం పశ్చిమ ప్రకాశం మెట్ట పొలాలలో సాగునీటి నిర్ణయంగా రూపు దాలుస్తుంది. పరికరం ఇచ్చేది కాలానికి సంబంధించిన సూచన మాత్రమే. దానిని ఈ నేలలో, ఈ లోతులో, ఈ పంటకు అందే నీటిగా మార్చవలసిన బాధ్యత శాస్త్రవేత్తది. క్షేత్ర సామర్థ్యం, వాడిపోయే స్థాయి, రాళ్ళ వాటా, స్థానిక క్రమాంకనం అనే నాలుగు వివరాలు జతచేయకుండా తేమ శాతాన్ని సలహాగా ఇవ్వరాదు. వాటిని జతచేసినప్పుడు మాత్రం రైతుకు శాతాలతో పని ఉండదు. ఈరోజు బోరు వేయాలా వద్దా, వేస్తే ఎన్ని గంటలు అన్న సమాధానమే అందుతుంది. నీరు కొరవడిన నేలలో ఆ సమాధానం సరిగా ఉండడం ఎంత అవసరమో ఎండిన బోర్లను చూసిన రైతుకు వేరుగా చెప్పనవసరం లేదు.